పత్రరహితం

2023 జూలై చివరి వారం. ముసురు పట్టి వదలడం లేదు. వరంగల్‌లో లోతట్టు కాలనీలు నీట మునిగాయి, బడులకు సెలవులిచ్చారు. నేను హనుమకొండలో ఇంట్లో కూర్చుని పదో తరగతి జీవశాస్త్రం లఘు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. 38 పేపర్లు. మొదటి ప్రశ్న కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటని. తొమ్మిది పేపర్లు చకచకా అయిపోయాయి. పదో పేపరు రాసిన అమ్మాయి చేతిరాత పెద్దగా, గుండ్రంగా ఉంటుంది. ఆ రాత పుణ్యమా అని ఒక మాట కంటబడింది. ‘ఆకుపచ్చని మొక్కలు సూర్యరశ్మి, పత్రరహితం సమక్షంలో...’

పత్రహరితం అంటే ఆకుకు పచ్చరంగునిచ్చే పదార్థం. పత్రరహితం అంటే అసలు ఆకే లేనిది. హకారమూ రేఫా చోటు మార్చుకున్నాయి, అంతే. దిద్దేసిన తొమ్మిదీ మళ్ళీ తీసి చూశాను. ఏడింటిలో అదే మాట. ఏడింటికీ నేను టిక్కు కొట్టి ఉన్నాను. అన్నీ చూసి లెక్కవేస్తే 38 మందిలో 26 మంది ఆకు లేకుండానే ఆహారం తయారుచేశారు. ఒకబ్బాయికి ఫోన్ చేసి అడిగితే గైడులో ఆ పేజీ ఫొటో తీసి పంపాడు. అచ్చుతప్పు. కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీసుకున్నాడు, ముఖ్యమైనదని.

కోపం పిల్లల మీద వచ్చే లోపే నా మీదికి మళ్ళింది. పద్నాలుగేళ్ళ సర్వీసు నాది. ఏడు పేపర్లలో ఆకు లేకపోయినా నాకు లోటు కనిపించలేదు. వాళ్ళు చదవకుండా రాశారు, నేను చదవకుండా దిద్దాను.

అనుమానం వచ్చి ప్రయోగాల రికార్డులు బయటికి తీశాను. దానికి రెండు వారాల ముందే తరగతిలో అర్ధపత్ర ప్రయోగం చేశాం. మొక్కను మూడు రోజులు అల్మారాలో చీకట్లో ఉంచి, వెడల్పు మూతి సీసాలో పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి, చీల్చిన కార్కు సందులోంచి ఒక ఆకులో సగం లోపలికి, సగం బయటికి ఉండేలా బిగించి ఎండలో పెట్టాలి. సీసాలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను ఆ రసాయనం పీల్చేసుకుంటుంది, లోపలి సగానికి అది అందదు కాబట్టి అక్కడ పిండిపదార్థం తయారుకాదు. అయోడిన్ వేస్తే బయటి సగం నీలి నలుపుగా మారుతుంది, లోపలి సగం మారదు. అయితే మేము చేసిన రోజుల్లో ఎండ ఎక్కడిది? రోజంతా మబ్బే. స్పిరిట్‌లో మరిగించి అయోడిన్ వేస్తే ఆకు రెండు సగాలూ ఒకే రకంగా, చాయ్ మరకలా, గోధుమరంగులో ఉండిపోయాయి. అందరూ బల్ల చుట్టూ మూగి చూశారు. ‘వాతావరణం బాగాలేదు, మళ్ళీ చేద్దాం’ అని నేనే అన్నాను.

రికార్డుల్లో 38 మందికి 38 మందీ ‘బయటి సగం నీలి నలుపు రంగులోకి మారుట గమనించాను’ అని రాశారు. గమనించారట! ఒకరిద్దరు బొమ్మలో బయటి సగానికి నీలం స్కెచ్ పెన్ను కూడా పూశారు.

గైడు చూసి రాయడం కొత్త సంగతేమీ కాదు, అది అందరికీ తెలిసిన రోగమే. కానీ కళ్ళెదుట కనిపించిన దాన్ని కాదని పుస్తకంలో ఉన్నదాన్ని ‘గమనించాను’ అని రాయగలుగుతున్నారంటే, తాము చూసింది కాగితం మీదికి ఎక్కే స్థాయి ఉన్నది కాదని ఎక్కడో నేర్చుకున్నారన్న మాట. ఎక్కడో ఏమిటి, నా దగ్గరే.

బడి తెరిచాక స్టాఫ్ రూములో ఈ గోడు వెళ్ళబోసుకుంటే తెలుగు సార్ నవ్వారు. ఆయనకు ఒక పేపరు చూపించాను. 26 మందిలో లేని ఒక పిల్ల సొంతంగా రాసిన జవాబు అది. ‘తొలి సూర్యకిరణం సోకగానే ఆకు పులకించి తన వంటగది తలుపులు తెరుస్తుంది’ అని మొదలవుతుంది. నేను ఐదింటికి రెండు మార్కులు వేశాను. సార్ చదివి, ‘ఇది నా పరీక్షలో రాస్తే నాలుగున్నర వేసేవాణ్ణి’ అన్నారు.

‘ఆకు పులకించడం ఏమిటి సార్? కార్బన్ డై ఆక్సైడ్ మాటే లేదు, నీళ్ళ మాటే లేదు.’

‘మేడం, వంటగది అన్నది చూశారా? ఆహారం తయారయ్యే చోటు అని ఆ పిల్లకు తెలుసు.’

‘తెలిస్తే చెప్పాలి కదా సార్.’

‘చెప్పింది. మీ భాషలో చెప్పలేదు. మీ భాష మీరు నేర్పారా?’

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. అప్పటివరకు నా లెక్క చాలా సులువుగా ఉండేది. పిల్లలకు రాయడం రాకపోతే అది తెలుగు టీచరు చూసుకోవాల్సిన పని. ఆయనేమో లేఖ, వ్యాసం, కరపత్రం, సంభాషణ, కవిత అన్నీ నేర్పుతున్నారు. ప్రయోగ నివేదిక ఆయన జాబితాలో లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. అది నా పొలం. నా పొలంలో కలుపు పెరిగితే పక్క రైతును తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని పాత ప్రశ్నపత్రాలు ముందేసుకున్నాం. ‘వివరించండి’ అన్న ఒక్క మాట ఏ సబ్జెక్టులో ఏం అడుగుతోందో చూద్దామని. తెలుగులో వివరించండి అంటే కవి హృదయాన్ని పట్టుకుని విస్తరించాలి. జీవశాస్త్రంలో వివరించండి అంటే ఒకదాని తరువాత ఒకటి ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో, క్రమం తప్పకుండా చెప్పాలి. సాంఘికశాస్త్రంలో కారణాలు చెప్పాలి, ఆ కారణాల్లో ఏది పెద్దదో ఏది చిన్నదో కూడా తేల్చాలి. గణితంలో ప్రతి మెట్టుకూ ఎందుకు అన్నది ఉండాలి. పిల్లలు మాత్రం నాలుగింటికీ ఒకటే మందు వేస్తున్నారు. ఒక ఉపశీర్షిక, దాని కింద గీత, ఆపైన ఐదో ఆరో పాయింట్లు. మార్జిను కూడా మరచిపోరు. తరగతిలో ఏం రాయమన్నా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ‘ఎన్ని లైన్లు రాయాలి?’

మొదలుపెట్టింది ఆగస్టులో. పద్ధతి అని పెద్ద పేరు పెట్టదగ్గదేమీ కాదు. పీరియడ్ చివరి ఏడు నిమిషాలు రాత. మార్కులు లేవు, ఎర్ర సిరా లేదు. నోటుబుక్కు పేజీని నిలువుగా రెండు చేసి ఎడమవైపు ‘చూసింది’, కుడివైపు ‘అనుకున్నది’. మూడోది, ‘చదివింది’, ఉండాలా వద్దా అని చాలా ఆలోచించి, దానికి పేజీ అడుగున చిన్న చోటు ఇచ్చాను.

ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు అందరితో ఒకేసారి మొదలుపెట్టడం తెలివితక్కువ పని. కానీ దానివల్లనే ఒక విషయం బయటపడింది. తరగతి పెరిగేకొద్దీ రాత పెరుగుతుందనుకుంటాం. నాకు కనిపించింది తలకిందులుగా. ఆరో తరగతి వాళ్ళకు తడి గుడ్డలో కట్టిన పెసలు, అనుములు ఇచ్చి రోజూ చూసి రాయమన్నాను. అక్షరదోషాలు లెక్కలేనన్ని. వాక్యాలు మాత్రం బతికి ఉన్నాయి. ఒక పిల్ల మూడో రోజు ‘నా గింజ నోరు తెరిచింది, తెల్లటి నాలుక బయటపెట్టింది’ అని రాసింది. పక్కనే ఉన్న అబ్బాయి: ‘నా గింజ కుళ్ళింది. వాసన వస్తుంది. అందరికంటే ముందు మొలవాలని ఎక్కువ నీళ్ళు పోసిన. గాలి అందలేదు కావచ్చు.’ ‘గాలి అందలేదు కావచ్చు’ అన్నది సరిగ్గా కుడివైపు గళ్ళో ఉంది. ఎవరూ చెప్పలేదు వాడికి. ఆ ‘కావచ్చు’ కోసం నేను పదో తరగతిలో వెతికాను, 38 నోటుబుక్కుల్లో ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. నాలుగేళ్ళలో ఆ మాట ఎక్కడ రాలిపోయిందో మరి.

ఎనిమిదో తరగతి సంగతి కాస్త చిక్కు. మా బడిలో ఆరు నుంచి ఎనిమిది దాకా 2022–23లో ఇంగ్లిషు మాధ్యమంలోకి మారాయి. పాఠ్యపుస్తకం ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాష. పుస్తకమైతే రెండు భాషల్లో ఉంది, పిల్లవాడి నోటుబుక్కు మాత్రం ఏ భాషలోనూ లేదు. బోర్డు మీది ఇంగ్లిషు వాక్యాన్ని బొమ్మ గీసినట్టు దింపుతారు. అది చూడటానికి ముచ్చటగా ఉంటుంది, చదవమంటే నోరు పెగలదు. ముందు తెలుగులో రాయండి, తరువాత ఇంగ్లిషులో చూద్దాం అన్నాను. దీనికి కొందరు తోటి ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. అలవాటు తప్పితే ఇంగ్లిషు ఎప్పటికీ రాదన్నారు. వాళ్ళ భయం కొట్టిపారేసేది కాదు. ఇప్పటికీ నాకు దాని మీద పూర్తి ధీమా లేదు.

ఆ తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. పంట పెరుగుదల మీద పాఠం అయ్యాక, పంటలను చీడల నుంచి ఎలా కాపాడుకుంటామన్న ప్రశ్నకు ఐదు పాయింట్లు అప్పజెప్పినట్టు రాశాడు. వాళ్ళది నర్సంపేట వైపు ఊరు, మిరప వేస్తారు. 2021 చివర్లో తామర పురుగు మిరప తోటల మీద పడి ఉమ్మడి వరంగల్ జిల్లా రైతులను ఎలా ముంచిందో ఇక్కడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ‘మీ తోటలో నువ్వు చూసింది రాయి’ అన్నాను. ‘అది సైన్సా మేడం?’ అన్నాడు. మర్నాడు తెచ్చాడు.

‘పువ్వును అరచేతిలో దులిపితే నల్లటి చుక్కలు పడ్డాయి. చూస్తుండగానే చుక్కలు నడిచాయి. నాన్న మూడు రకాల మందులు కొట్టాడు. నాలుగో మందు డబ్బా సీలు తీయకుండా ఇంకా కొట్టంలో ఉంది.’

ఎన్నో శిక్షణలకు వెళ్ళాను. పురుగు పేరు చెప్పకుండా పురుగును ఇంతకంటే బాగా చూపించిన వాక్యం నేను వినలేదు. అయితే మెచ్చుకుని వదిలేస్తే నేనూ తెలుగు సార్‌నే అవుతాను. (ఆయన ఇది చదివితే ఏమంటారో తెలుసు.) సైన్సు రాతకు ఇంకా కావలసినవి ఉన్నాయి. పెన్సిలుతో కింద మూడు ప్రశ్నలు రాశాను. ఏ నెలలో? పువ్వుకు ఎన్ని చుక్కలు? మూడు మందులు కొట్టాక ప్రతిసారీ ఏం మారింది? వారం రోజులు తిరిగాడు ఆ ప్రశ్నల వెంట. ‘నాన్నకు నెల గుర్తు లేదు. అమ్మకు గుర్తుంది, దీపావళి అయిపోయాక’ అని రాసుకొచ్చాడు. మందులు కొట్టిన తరువాత రెండు రోజులు తగ్గినట్టు కనిపించి మళ్ళీ వచ్చాయని పక్క చేను పెద్దాయనను కూడా అడిగి రాశాడు. పువ్వుకు ఎన్ని అన్నదానికి ‘లెక్కపెట్టలేదు’ అని నిజాయితీగా వదిలేశాడు. నాలుగోసారి తిరగరాసేటప్పటికి పేజీన్నర అయింది. ఎన్ని లైన్లని ఒక్కసారి కూడా అడగలేదు. ఇంగ్లిషు టీచరు దగ్గర కూర్చుని అందులో ఆరు వాక్యాలు ఇంగ్లిషులోకి తెచ్చాడు. చుక్కలు నడవడమేమిటని ఆమె మొదట కొట్టేయబోయి, ఇంకోసారి చదివి ఉంచేశారట.

గణితం సార్‌ను కదపడానికి దసరా దాటింది. ‘లెక్కలో రాయడానికి ఏముంటుంది మేడం, ఈజ్ ఈక్వల్ టు గుర్తు తప్ప’ అనేవారు. ఆయన పుస్తకంలోనే విద్యా ప్రమాణాల్లో సమస్యా సాధన, కారణాలు చెప్పడం పక్కన ‘వ్యక్తపరచడం’ అని ఒకటి ఉందని చూపిస్తే, అది ప్రశ్నపత్రం తయారుచేసే వాళ్ళ కోసమన్నారు. అలా అన్నవారే ఒకరోజు ఏడో తరగతిలో బోర్డు మీద 1/2 + 1/3 = 2/5 అని రాసి, ఈ లెక్క చేసిన తమ్ముడికి ఎక్కడ తప్పో ఉత్తరం రాయండని చెప్పారు. నలుగురైదుగురు తప్ప అందరూ ‘నువ్వు క.సా.గు. తీసుకోలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎందుకు తీసుకోవాలో తమ్ముడికి ఎవరూ చెప్పలేదు. ఒక పిల్ల మాత్రం ఇలా రాసింది: ‘తమ్మీ, నీ దగ్గర సగం జొన్నరొట్టె ఉంది. అమ్మ ఇంకో మూడో వంతు రొట్టె ఇచ్చింది. నీ లెక్క ప్రకారం ఇప్పుడు నీ దగ్గర ఐదింట రెండు వంతులే ఉంది. అది సగం కంటే తక్కువ. అంటే అమ్మ ఇచ్చినాక తగ్గింది. మధ్యలో ఎవరో తిన్నారు.’

సార్ ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూములోకి వచ్చిన తీరు ఇప్పటికీ కళ్ళ ముందుంది. ‘ఈ పిల్లకు లెక్కల్లో ఎప్పుడూ పదికి నాలుగు దాటవు మేడం’ అన్నారు. ‘క.సా.గు. అన్న మాటే వాడకుండా తప్పును నిలబెట్టి చూపించింది.’ ఆ తరువాత నెలకో తప్పు లెక్క ఆయన బోర్డు మీదికి ఎక్కడం మామూలైపోయింది.

సాంఘికశాస్త్రం మేడంకు నా రెండు గళ్ళు చాలలేదు. చరిత్రలో మనం చూసేది తక్కువ, వినేది ఎక్కువ అన్నారు. ఆమె మూడు గళ్ళు పెట్టారు: చూసింది, విన్నది, చదివింది. జనవరిలో తొమ్మిదో తరగతిని పాలంపేట రామప్ప గుడికి తీసుకెళ్ళినప్పుడు ఆ మూడు గళ్ళ కాగితాలే చేతికిచ్చారు. మర్నాడు చూస్తే ‘చూసింది’ గడిలో సగానికి పైగా పిల్లలు ‘నీటిపై తేలే ఇటుకలు’ అని రాశారు. గోపురానికి తేలికైన ఇటుకలు వాడారన్నది నిజమే. కానీ ఆ రోజు ఎవరూ ఏ ఇటుకనూ నీళ్ళలో వేయలేదు. ‘తేలడం ఎవరు చూశారు?’ అని అడిగారామె. ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ కొట్టేసి ‘విన్నది’లోకి మార్చారు. గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడన్నది? శాసనం ఉంది, మనకు చదవడం రాదు, పుస్తకంలో చదివాం, కాబట్టి ‘చదివింది’. శిల్పి పేరు మీదే గుడికి రామప్ప అన్న పేరు వచ్చిందన్నది? ‘విన్నది’. అలా ఏరుకుంటూ పోతే ‘చూసింది’ గడిలో చివరికి మిగిలినవి మదనికలనే స్త్రీ శిల్పాల మెడలోని హారాలు, గుడి లోపలి చల్లదనం, నంది మెడ గంటలు, ఒక స్తంభం మీద చెయ్యి పెడితే తగిలిన నునుపు. వాటిని పట్టుకుని రాయడం మొదలుపెట్టాక వ్యాసాలు ఒకదానిలా ఒకటి లేకుండా పోయాయి. నా ఆకు ప్రయోగంలో జరిగిందే అక్కడా జరిగింది. చూడని రంగు చూశామని, చూడని ఇటుక చూశామని.

ఇక పదో తరగతి. అక్కడ నా పప్పులు ఉడకలేదు. ‘ఇది పరీక్షలో వస్తుందా మేడం?’ అని మొహం మీదే అడిగారు. రాదు. వాళ్ళకు ఉదయం ప్రత్యేక తరగతులు, సాయంత్రం ప్రత్యేక తరగతులు, వాటి మధ్యలో నా ఏడు నిమిషాలు. రెండు గళ్ళ పేజీ ఇస్తే ‘చూసింది’లో పుస్తకం, ‘అనుకున్నది’లో కూడా పుస్తకం. ప్రధానోపాధ్యాయులు పిలిచి, ‘ఆ ఐదు తరగతుల్లో దీన్ని మాత్రం వదిలేయండి మేడం, ఫలితాలు అడుగుతారు’ అన్నారు. ఆయన తప్పేమీ లేదు. అడుగుతారు.

వదిలేద్దామనే అనుకున్నాను. ఆపేముందు చివరి రోజు సరదాగా ఒక పని ఇచ్చాను. గైడులో తప్పులు పట్టండి, పట్టిన ప్రతి తప్పుకూ అది ఎందుకు తప్పో రెండు వాక్యాలు రాయండి అని. పత్రరహితం సంగతి చెప్పి పాఠ్యపుస్తకం, గైడు పక్కపక్కన పెట్టించాను. అంతవరకు వేదంలా చూసిన పుస్తకం ఒక్కసారిగా వేటకు దొరికిన జంతువైపోయింది. భోజనాల దగ్గర కూడా అదే గోల. డిసెంబరుకల్లా 14 తప్పులు పట్టారు. అచ్చుతప్పులు పోను, నిజంగా విషయం తప్పినవి మూడు. రక్తప్రసరణ బొమ్మలో ఒక బాణం ఎదురు తిరిగి ఉందని కనిపెట్టిన అబ్బాయి రాసిన వివరణ, ఆ పాఠం మీద వాడు ఏడాది మొత్తంలో రాసిన వాటన్నిటికంటే తేటగా ఉంది. పదిహేనో తప్పు నా బోర్డు మీద దొరికింది. అది ఏమిటో చెప్పను.

అసెంబ్లీ ఎన్నికల డ్యూటీలు ముగిసి, నవంబరు 30 పోలింగు కూడా దాటాక, మంచి ఎండ చూసి అర్ధపత్ర ప్రయోగం మళ్ళీ చేశాం. బయటి సగం నీలి నలుపుగా మారింది. లోపలి సగంలో కూడా కార్కు దగ్గర అంచున వేలెడు మేర లేత నీలం వచ్చింది. ఈసారి రికార్డులు గుండె చిక్కబట్టుకుని తెరిచాను. 38 మందిలో 29 మంది ఆ లేత నీలాన్ని రాశారు. అందులో పదిమంది దాకా ‘కార్కు సందులోంచి గాలి పోయి ఉండవచ్చు, వాసెలిన్ సరిగా పూయలేదు’ అని కూడా రాశారు. మిగిలిన తొమ్మిది మంది మళ్ళీ పుస్తకమే రాశారు. ఆ తొమ్మిది మందిలో తరగతి మొదటి ర్యాంకు అమ్మాయి ఉంది. అడిగితే, ‘లేత నీలం రాస్తే పరీక్షలో మార్కు పోతుంది మేడం’ అంది. పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయి, రికార్డులో చూసింది రాయి అన్నాను. రెండు రకాలుగా ఎలా రాయాలని అడిగింది. నా దగ్గర మంచి జవాబు లేదు.

నా కష్టాలు కూడా కొన్ని చెప్పాలి. ఐదు తరగతులకూ కలిపి 186 నోటుబుక్కులు. మొదటి రెండు వారాలు అన్నీ ఇంటికి మోసుకొచ్చి భుజం నొప్పి తెచ్చుకున్నాను. తరువాత తరగతికి రోజుకు ఐదే చదివాను, మిగతావి పిల్లలే పక్కవాళ్ళవి చదివి కింద ఒక ప్రశ్న రాసేవారు. ఆ ప్రశ్నలు నావాటికంటే పదునుగా ఉండేవి. పర్యవేక్షణకు వచ్చిన ఒక అధికారి నోటుబుక్కులు తిరగేసి, ఎర్ర సిరా లేదే, దిద్దలేదా అన్నారు. పెన్సిలు ప్రశ్నలు చూపించాను. పెన్సిలు దిద్దుబాటు కిందికి రాదన్నారు. పోనీ ఆకుపచ్చ సిరాతో రాద్దామంటే అది గెజిటెడ్ వాళ్ళ సొత్తు. ఆనాటి నుంచి ప్రతి పేజీ మూల చిన్న ఎర్ర టిక్కు, తారీఖు వేశాను. అది రికార్డు కోసం. పిల్లలకు ఆ టిక్కుకు అర్థం లేదని తెలుసు, నాకూ తెలుసు.

అక్షరదోషాల విషయంలో మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయాను. మొదట్లో అసలు ముట్టుకోలేదు. సంక్రాంతికల్లా ఆరో తరగతిలో కొందరి రాత అదుపు తప్పింది. తెలుగు సార్ నా మీద కేకలేశారు కూడా. చివరికి ఒప్పందం కుదిరింది. సబ్జెక్టు మాటలు, అంటే పత్రరంధ్రం, పరాగసంపర్కం, విసరణ వంటివి తప్పు రాస్తే నేను సరిచేయిస్తాను, మిగతావి ఆయన చూసుకుంటారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటలను ‘చూసింది’ గడిలో ఇద్దరం ముట్టుకోం.

ఈ గొడవంతా నడుస్తుండగా బోధనాభ్యాసానికి బి.ఎడ్. విద్యార్థిని ఒకమ్మాయి మా బడికి వచ్చింది. నా గళ్ళ పేజీలు చూసి, ‘ఇది మాకు పేపరు ఉంది మేడం’ అంది. అన్ని సబ్జెక్టుల్లోనూ భాష అన్న అర్థం వచ్చే పేపరు. నేను బి.ఎడ్. చేసినప్పుడు అది ఒక్క ఏడాది కోర్సు, ఆ పేరే వినలేదు. ఇంగ్లండులో 1975లోనే ఒక కమిటీ, భాష నేర్పడం ప్రతి సబ్జెక్టు టీచరు బాధ్యత అని నివేదిక ఇచ్చిందట. మన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా సైన్సు తరగతి, గణితం తరగతి కూడా భాషా తరగతులే అంటుంది. ఆ చట్రం మీద నేను శిక్షణకు వెళ్ళొచ్చాను. సంతకం పెట్టి, భోజనం చేసి వచ్చాను, ఆ వాక్యం మాత్రం చెవిన పడలేదు. ‘ఆ పేపరుకు నువ్వు ఏం చదివావమ్మా?’ అని అడిగితే, కాస్త సిగ్గుపడి ‘గైడే మేడం’ అంది.

ఫిబ్రవరిలో మేడారం జాతరకు సగం బడి కదిలిపోయింది. వచ్చినవాళ్ళు మూడు గళ్ళ కాగితాలు అడక్కుండానే నింపుకొచ్చారు. జాతరలో బంగారమని సమర్పించే బెల్లం తూకాలతో గణితం సార్ రెండు పీరియడ్లు గడిపారు. మార్చి 18న పది పరీక్షలు మొదలయ్యాయి. ఫలితాలు అంతకుముందు ఏడాదిలాగే వచ్చాయి, చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. రాత వల్ల మార్కులు పెరిగాయని చెబితే అబద్ధమవుతుంది. తగ్గలేదు, ప్రధానోపాధ్యాయులకు అది చాలు.

2024 వేసవి తరువాత బదిలీల్లో మేమంతా తలోవైపు వెళ్ళాం. కొత్త బడిలో ఆరో తరగతితో మాత్రమే మొదలుపెట్టాను, ఈసారి ఒళ్ళు దగ్గరపెట్టుకుని. మొన్న తెలుగు సార్ ఫోన్ చేశారు. ఆయన కొత్త బడిలో సైన్సు టీచరు పోస్టు ఖాళీగా ఉందట. పిల్లలకు ప్రయోగ నివేదిక తానే నేర్పుదామనుకుంటున్నారు, వరుస ఏమిటో చెప్పమన్నారు. లక్ష్యం, కావలసినవి, చేసింది, చూసింది, అనుకున్నది, ఇంకా తేలనిది అని చెప్పాను. రాసుకున్నారు.

‘చూసింది దగ్గర ఒక్క పోలిక వాడనివ్వొచ్చా మేడం?’

‘గింజ నోరు తెరిచింది అంటే సరే సార్. ఏం కనిపించిందో తెలుస్తుంది.’

‘మరి ఆకు పులకించింది అంటే?’

‘అది మాత్రం కుదరదు.’

‘ఒక్క మార్కు?’

అర మార్కు దగ్గర బేరం ఆగింది.